చదివితే అర్థమవుతోంది, వింటే పోతోంది: జపనీస్ ఎన్3 గట్టెక్కేదెలా?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. జులైలో జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్3 స్థాయి రాశాను. పదజాలం-వ్యాకరణంలో 42, రీడింగ్‌లో 41 వచ్చాయి. లిజనింగ్‌లో 17 దగ్గర ఆగిపోయాను. మొత్తం 100 వచ్చినా ఫెయిలే. రోజూ సబ్‌టైటిల్స్‌తో యానిమే చూస్తున్నా లాభం కనిపించడం లేదు. డిసెంబరులో మళ్లీ రాయాలి. ఎలా సిద్ధమవ్వాలి?
- ఓ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఎన్3 పాసవ్వడానికి 180కి 95 చాలు. కానీ మూడు విభాగాల్లోనూ 60కి కనీసం 19 చొప్పున రావాలి. మీకు ఆ రెండే తగ్గాయి. రీడింగ్‌లో 41 తెచ్చుకున్నారంటే భాష రాక కాదు. మాటలన్నీ కంటితో నేర్చుకున్నారు, వాటిని చెవి ఇంకా గుర్తుపట్టడం లేదు.

ముందు యానిమే సంగతి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే సాగేది ఇంగ్లిష్ రీడింగే. సరదాకి చూడండి, చదువు ఖాతాలో వేయకండి.

రోజుకి ఒకటి రెండు నిమిషాల ఆడియో ఒక్కటి చాలు. జేఎల్‌పీటీ వెబ్‌సైట్లో నమూనా ప్రశ్నలు ఆడియోతో సహా ఉచితంగా ఉన్నాయి. జపాన్ ఫౌండేషన్ వారి ‘ఇరొదొరి’ పాఠాల ఆడియో కూడా ఉచితమే, మీ స్థాయికి కాస్త తేలికే అయినా మాటతీరు సహజంగా ఉంటుంది. స్క్రిప్టు చూడకుండా రెండుసార్లు వినండి. మూడోసారి వాక్యం వాక్యానికి ఆపుతూ విన్నది విన్నట్టు రాయండి. కావాలంటే ముందు తెలుగు లిపిలోనే రాసుకోండి, నేనైతే అదే మంచిదంటాను. జపనీస్‌లో నాలుగో తారీఖు ‘యొక్క’, ఎనిమిదో తారీఖు ‘యోక’. చాలామంది విదేశీయులు బోల్తా పడేది ఇక్కడే. ఒత్తూ దీర్ఘమూ పసిగట్టడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇంగ్లిష్ అక్షరాల్లో నేర్చుకుని ఆ సౌలభ్యాన్ని పోగొట్టుకుంటున్నాం.

తర్వాత స్క్రిప్టుతో పోల్చండి. అసలు తెలియని మాటల్ని పక్కన పెట్టండి. తెలిసి కూడా చెవికి అందని వాటి కింద గీత గీయండి, మీ మార్కులు పోతున్నది అక్కడే. పుస్తకంలో ‘తబెతె షిమత్త’ (తినేశాను) అని చదువుకున్నది నోట్లో ‘తబెచత్త’ అయిపోతుంది. ‘ఇకనకెరెబ నరిమసెన్’ (వెళ్లాలి) కాస్తా ‘ఇకనక్య’ అయి కూర్చుంటుంది. ‘దెసు’లో చివరి ఉకారం దాదాపు వినపడదు. గీత గీసిన వాక్యాల్ని ఆడియో వెంటే పైకి పలకండి, అదే వేగంతో. నోరు తిరిగిన వాక్యాన్ని చెవి త్వరగా పడుతుంది. ఆడియోని ఆపి ఆపి వినండి కానీ, వేగం తగ్గించి వినడం అలవాటు చేసుకోకండి. పరీక్షలో ఆ వెసులుబాటు ఉండదు, పైగా ఒక్కసారే వినిపిస్తారు.

పరీక్షలో ఇంకో చిక్కు, మనసు మార్చుకునే మాటలు. ఆఫీసులో బాస్ కాపీలు తీయమంటాడు. అంతలోనే ‘అవి తనక (సహోద్యోగి పేరు) చేసేశాడు, ముందు మీటింగ్ రూమ్ బుక్ చెయ్యి’ అంటాడు. కాపీలు అనగానే బబుల్ నింపేసినవాళ్లు దొరికిపోతారు. ‘యప్పరి’ (కాదులే, ఇలా చేద్దాం), ‘సకి ని’ (ముందుగా) వినపడితే చెవులు రిక్కించండి. ఎవరైనా ‘సొరె వ చొత్తొ...’ అని వాక్యం మధ్యలో వదిలేస్తే కుదరదని అర్థం. చివర్లో వచ్చే చిన్న చిన్న జవాబుల విభాగంలో ప్రశ్నపత్రంలో ఏమీ ఉండదు, అన్నీ వినాల్సిందే. ఒకటి జారిపోతే ఏదో ఒకటి గుర్తించి ముందుకెళ్లండి, నెగెటివ్ మార్కులు లేవు. పోయినదాని గురించి ఆలోచిస్తూ కూర్చుంటే తర్వాతిదీ పోతుంది.

పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం. రోజూ అరగంట ఇలా కేటాయిస్తే ఆ రెండు మార్కులు పెద్ద సమస్య కాకపోవచ్చు. నా దిగులు ఆ తర్వాతి ఉద్యోగ ఇంటర్వ్యూ గురించి. జపాన్ కంపెనీ వాళ్లు ఆన్‌లైన్లో మాట్లాడుతుంటే నెట్ అంతంతమాత్రంగా ఉంటుంది, గొంతు కొత్తగా ఉంటుంది. అక్కడ మాత్రం అర్థం కాకపోతే ‘మో ఇచిదో ఒనెగాయిషిమసు’ అని మళ్లీ చెప్పమని అడగొచ్చు, అది తప్పేం కాదు. అర్థం కాకుండానే ‘హై, హై’ (అవును, అవును) అంటూ తలూపితే తర్వాతి ప్రశ్నకే బయటపడిపోతుంది.