పగటి నిద్ర: పరీక్ష తేదీ వచ్చేలోగా ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ఉంటూ రఘునాథపల్లి వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేస్తున్నా, ఏడాదిగా పగలంతా నిద్ర ముంచుకొస్తోంది. నోటుబుక్కులు దిద్దుతుంటే ఎర్ర సిరా గీత పేజీ అడుగుదాకా జారిపోతోంది. మొన్న బైకు మీద వెళ్తూ మడికొండ దాటడం గుర్తుంది గానీ, స్టేషన్ ఘన్‌పూర్ ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. గురక పెడుతున్నానని మా ఇంట్లో అంటున్నారు. డాక్టరు గారు రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసే నిద్ర పరీక్ష రాశారు, తేదీ మాత్రం నెలన్నర తరువాత దొరికింది. మా ప్రధానోపాధ్యాయులు ఇదంతా బద్ధకమనుకుంటున్నారు. అప్పటిదాకా ఎలా నెట్టుకురావాలి?
– ఒక ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: మీరు అడగకపోయినా ముందుగా చెప్పవలసింది బైకు గురించే. కారణం తేలి చికిత్స మొదలయ్యేదాకా దాన్ని ఇంట్లోనే ఉంచండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి, మూడు సెకన్లు కన్ను అంటుకున్నంతలో 50 మీటర్లు పోతుంది. లారీలు తిరిగే జనగామ రోడ్డు మీద ఆ దూరం చాలు. ముఖం కడుక్కోవడం, నోట్లో వక్కపలుకు వేసుకోవడం వంటివి కాసేపు మాత్రమే పనిచేస్తాయి, పైగా మెలకువగానే ఉన్నామన్న తప్పుడు ధైర్యాన్నిస్తాయి. బస్సులో గాని, కాజీపేట నుంచి ప్యాసింజరు రైలులో గాని వెళ్లండి. దిగవలసిన చోటు దాటిపోతుందన్న భయముంటే ఫోనులో అలారం పెట్టుకోండి.

ఈ నెలన్నరను ఊరికే పోనివ్వకండి. ఒక చిన్న పుస్తకంలో ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో, పగలు ఎక్కడెక్కడ కునుకు పట్టిందో, ఎన్ని చాయ్‌లు తాగారో రోజూ రాయండి. ఆదివారాల లెక్క విడిగా చూడండి. అలారం లేని రోజున రెండు మూడు గంటలు అదనంగా పడుకుని తేలికగా లేస్తున్నట్లయితే, మీ శరీరానికి ఎనిమిది గంటలు చాలడం లేదేమోనని అనుమానించవచ్చు. ఆస్ట్రేలియా వైద్యుడు మర్రే జాన్స్ 1991లో ప్రకటించిన ఎప్‌వర్త్ ప్రశ్నావళి కూడా ఉపయోగపడుతుంది. చదువుతున్నప్పుడు, భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాలలో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24లో 10 దాటితే పట్టించుకోవలసిందే.

గురకను మీ శ్రీమతి గారు ఫోనులో రికార్డు చేస్తే మంచిది. గురక పెడుతూ పెడుతూ హఠాత్తుగా ఆగి, పది సెకన్లో అంతకన్నా ఎక్కువో నిశ్శబ్దంగా ఉండి, ఆ తరువాత ఉక్కిరిబిక్కిరి అయినట్లు గాలి పీల్చుకుంటే, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. గొంతు దగ్గర దారి మూసుకుపోయినప్పుడల్లా మెదడు కాస్త మేల్కొంటుంది కనుక, ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర ముక్కలుముక్కలవుతుంది. మద్యం, నిద్రమాత్రలు దీన్ని మరింత పెంచుతాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు ఇంకా చేయించకపోతే వాటికి నెలన్నర ఆగనక్కరలేదు. జలుబుకో దురదకో సెట్రిజిన్ వంటి మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా మీ డాక్టరుకు చెప్పండి.

ఒక్క విషయం మాత్రం పరీక్షకు ముందే చెప్పి తీరాలి. పకపకా నవ్వినప్పుడు మోకాళ్లలో బలం జారిపోవడం, దవడ వదులైపోవడం, నిద్రలో నుంచి లేస్తూ కాసేపు కాలు చేయి కదపలేకపోవడం (మన దగ్గర దయ్యం గుండెల మీద కూర్చుందంటారు) వంటివి మీకున్నాయా? ఉంటే నార్కోలెప్సీని (నిద్ర, మెలకువల మీద మెదడుకు పట్టు తప్పే జబ్బు) కూడా చూడాలి. దానికి రాత్రి పరీక్ష ఒక్కటే సరిపోదు. మరునాడు పగలు రెండేసి గంటలకొకసారి పడుకోబెట్టి ఎంత త్వరగా నిద్రపడుతోందో, కలల దశ ఎంత తొందరగా వస్తోందో చూస్తారు. ముందు చెప్పకపోతే రాత్రి పరీక్ష మాత్రమే చేసి పంపుతారు, మీరు మళ్లీ తేదీ కోసం ఎదురుచూడవలసి వస్తుంది. డిప్రెషన్ మందులు ఈ ఫలితాన్ని మారుస్తాయి. అయినా వాటిని సొంతంగా మానకూడదు, రాసిచ్చిన డాక్టరునే అడగాలి.

బడిలో మధ్యాహ్నం విరామంలో అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకోండి. గంట పడుకుంటే తల దిమ్ముగా ఉంటుంది. చాయ్ మూడింటి తరువాత వద్దు. మెలకువగా ఉంచే మాత్రలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

మీ ప్రధానోపాధ్యాయులకు ఆసుపత్రి చీటీ చూపించి, పరీక్ష తేదీ చెప్పి, మధ్యాహ్నం మొదటి పీరియడును ఉదయానికి మార్చమని అడగండి. సంజాయిషీ చెబుతున్నట్లు కాకుండా, జ్వరం వస్తే సెలవు అడిగినట్లే అడగండి. బద్ధకమున్నవాడు పని తప్పించుకుంటాడు గాని, పని చేస్తూ చేస్తూ ఎర్ర గీత జార్చుకోడు.

పరీక్ష నాడు పగలు కునుకు తీయవద్దు, చాయ్ తాగవద్దు. తలంటుకుని వెళ్లండి, ఆ తరువాత నూనె రాయకండి. జిడ్డుంటే తలకు అంటించే తీగలు నిలవవు.