యాకోబు, జేమ్స్ ఒకే పేరా? "యేసు" అని పిలిస్తే తప్పా?

మీరు రెండు విషయాలు అడిగారు. తెలుగు బైబిల్లో యాకోబు ఇంగ్లీషులో జేమ్స్ ఎలా అయ్యాడు, అసలు పేరు యేషువ అయితే యేసు అని ప్రార్థన చేయడం తప్పా అని. మొదటిది మా ఇంట్లోనే పెద్ద తలనొప్పి అయింది కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

మా నాన్న పేరు యాకోబు. బాప్తిస్మం సర్టిఫికెట్‌లో పాస్టరుగారు ఇంగ్లీషులో జేమ్స్ అని రాశారు, స్కూలు రికార్డులో జాకబ్ అని పడింది. చెల్లెలి దగ్గరికి విదేశం పంపిద్దామని కాగితాలు పెడితే ఈ ఇద్దరూ ఒకరే అంటే ఎవరూ నమ్మలేదు. చివరికి నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, తెలుగు బైబిల్, ఇంగ్లీషు బైబిల్ రెండూ పట్టుకెళ్లి యాకోబు పత్రిక మొదటి వచనం తీసి చూపించాను. ఒకదాంట్లో యాకోబు, ఇంకోదాంట్లో జేమ్స్. ఆ టెన్షన్ తీరాక కూడా ఈ పేర్ల సంగతి నన్ను వదల్లేదు.

హీబ్రూలో అది యాకోవ్. కొత్త నిబంధన గ్రీకులో పాత నిబంధనలోని యాకోబును, అంటే ఇశ్రాయేలీయుల మూలపురుషుణ్ణి ఇయాకోబ్ అనీ, యేసు శిష్యుడైన అపొస్తలుణ్ణి గ్రీకు తోక తగిలించి ఇయాకోబోస్ అనీ రాశారు. లాటిన్‌లో ఆ రెండోది ఇయాకోబుస్. జనం నోట్లో నలిగి నలిగి బ కాస్తా మ అయి ఇయాకోముస్ అయింది, అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరేసరికి జేమ్స్. స్పెయిన్‌లో అదే పేరు ఇయాగో అయింది, సాంటియాగో అంటే పరిశుద్ధ యాకోబే. ఇంగ్లీషు చదివేవాళ్లకు జాకబ్, జేమ్స్ వేర్వేరు పేర్లలా కనిపిస్తాయి, మనకు మాత్రం ఇద్దరూ యాకోబులే. ఈ విషయంలో తెలుగు బైబిలే మేలని నా గట్టి అభిప్రాయం. హవ్వ, మోషే కూడా అంతే, హీబ్రూకి ఎంతో దగ్గరగా ఉన్నాయి, ఈవ్, మోజెస్ అలా లేవు.

ఇక యేసు పేరు. యెహోషువ అనే పాత పేరు తర్వాతి కాలంలో యేషువ అని చిన్నదైంది. గ్రీకులో ష లేదు కాబట్టి స అయింది, చివర గొంతులోంచి వచ్చే ధ్వని వాళ్లకు పలకదు కాబట్టి పోయింది, మగవాళ్ల పేరు కాబట్టి చివర స్ చేరింది: ఇయేసూస్. మనం రామ అనే మాటకు డు చేర్చి రాముడు అంటాం, హీబ్రూ దావీద్‌ను దావీదు, గ్రీకు పౌలోస్‌ను పౌలు చేసుకున్నాం, స్కూలును మా నాయనమ్మ ఇస్కూలు అనేది. అదీ అలాంటిదే, ఎవరో కుట్ర చేసి మార్చింది కాదు. గ్రీకువాళ్లు కూడా ఎదురుగా పిలిచేటప్పుడు ఆ స్ వదిలేసి ఇయేసూ అనేవాళ్లు.

గ్రీకు దేవుడు జ్యూస్ పేరు ఇందులో కలిపారని వీడియోలు తిరుగుతున్నాయి, దయచేసి నమ్మకండి. యేసు పుట్టడానికి వందేళ్లకు పైగా ముందే యూదులు తమ లేఖనాలను గ్రీకులోకి మార్చుకుంటూ యెహోషువ పేరును ఇయేసూస్ అనే రాశారు. అందుకే కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు బైబిల్లో హెబ్రీ పత్రిక 4:8 తెరిస్తే, ఇశ్రాయేలీయులను కనానులోకి నడిపించిన యెహోషువ ఉండాల్సిన చోట జీసస్ అని ఉంటుంది. అది చదివి నేను ఒక వారం తికమకపడ్డాను. మన తెలుగులో అక్కడ యెహోషువ అనే ఉంది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: తప్పు కాదు. కొత్త నిబంధన మన చేతికి వచ్చిందే గ్రీకులో, రాసినవాళ్లే ఇయేసూస్ అని రాశారు. యేషువ అని పిలవాలనిపిస్తే అలాగే పిలవండి, కానీ యేసయ్యా అని ఏడ్చి ప్రార్థించే మీ అమ్మను మాత్రం తప్పుపట్టకండి.

ఇంకో సంగతి, కొన్ని పేర్లు పలుకు మారడం కాదు, ఏకంగా అనువాదమే అయిపోయాయి. సీమోనుకు యేసు అరామిక్‌లో పెట్టిన పేరు కేఫా, అంటే రాయి. గ్రీకులో దాన్ని అర్థంతో సహా మార్చి పెత్రోస్ అన్నారు, మనకు పేతురు అయింది. మా అత్తగారిది గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం, వాళ్ల నాన్నగారి పేరు రాయప్ప, బాబాయి చిన్నప్ప. పెళ్లయిన చాన్నాళ్లకు గానీ తెలియలేదు నాకు, రాయప్ప అంటే పేతురే, చిన్నప్ప అంటే పౌలు, లాటిన్‌లో పౌలుస్ అంటే చిన్నవాడు! పేతురు, పౌలు ఇద్దరూ అన్నదమ్ములుగా ఆ ఇంట్లోనే ఉన్నారు.

మీ కాగితాల్లో కూడా ఇలా రెండు పేర్లుంటే అప్లికేషన్ పెట్టకముందే అఫిడవిట్ చేయించుకోండి. మేము ఆఖర్న పరిగెత్తి రెండు నెలలు పోగొట్టుకున్నాం.