బరువు తగ్గించాలా, టర్బో పెట్టించాలా?

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలో డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. చలికాలం వచ్చిందంటే శని, ఆదివారాలు దోస్తులతో కలిసి కొండల మీద స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) నడపడానికి పోతాడు. ఈమధ్యే సెకండ్‌హ్యాండ్‌లో ఒక బండి కొన్నాడు. 850 సీసీ టూ స్ట్రోక్, 165 హార్స్‌పవర్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) లేదు. పైకి పోయినకొద్దీ బండి గుంజడం లేదని ఒకటే బాధ. ఒక దోస్తు టర్బో కిట్ వేయించమంటున్నాడట. ఇంకొకాయన అదే డబ్బుతో టైటానియం సైలెన్సర్, లిథియం బ్యాటరీ లాంటివి వేసి బరువు తగ్గించమంటున్నాడట. నాకు ములుగు రోడ్డులో ఆటో స్పేర్‌పార్ట్స్ షాపు ఉంది కాబట్టి "అన్నా, నువ్వే చెప్పు" అని నన్ను అడుగుతున్నాడు. నేను ఆ బండిని ఫొటోల్లో తప్ప చూడలేదు. ఏం చెప్పమంటారు సార్?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు మీ తమ్ముడిని ఒక్క సంగతి అడగండి. ఎక్కేటప్పుడు ఇంజిన్ చాలక ఆగిపోతున్నాడా, లేక మంచులో దిగబడి, బండిని లాగి లాగి ఒళ్లు హూనమై ఆగిపోతున్నాడా? మొదటిదైతే గాలి సమస్య, రెండోదైతే బరువు సమస్య. ఈ రెండూ కలిపి మాట్లాడుకుంటారు కాబట్టే దోస్తుల మధ్య ఈ పంచాయితీ తెగదు.

గాలి సంగతి చూద్దాం. మన వరంగల్ సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి ఇక్కడ ఈ ఇబ్బంది మనకు తెలియదు. డెన్వర్ ఊరే 5,280 అడుగుల మీద ఉంటుంది, అక్కడి నుంచి కొలరాడో కొండల్లోకి పోతే పదివేల అడుగులు దాటడం మామూలే. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), పదివేల అడుగుల దగ్గర దాదాపు 10.1. అంటే ఇంజిన్ ఒక్కో గుక్కకు పీల్చే గాలి దాదాపు మూడో వంతు తగ్గిపోయింది, ఆ మేరకు పెట్రోలు కూడా తక్కువే మండుతుంది. టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి వెయ్యి అడుగులకు 3 శాతం చొప్పున పవర్ పోతుందని మెకానిక్‌లు వేసే లెక్క, ఆ లెక్కన మీ తమ్ముడి 165 హార్స్‌పవర్ పదివేల అడుగుల దగ్గరికి వచ్చేసరికి 115 దగ్గర ఆగుతుంది. బండిలో రిపేరు ఏమీ లేకపోయినా సరే. యాభై హార్స్‌పవర్ దారిలోనే పోయింది!

ఇప్పుడు బరువు లెక్క. ఇలాంటి కొండ బండి పొడి బరువు, అంటే పెట్రోలు పోయకముందు బరువు, 200 కిలోల అటూ ఇటూ ఉంటుంది. నిండా ట్యాంకు కొట్టిస్తే పెట్రోలే 30 కిలోల దాకా. మనిషి, హెల్మెట్, బూట్లు, వీపు సంచి అన్నీ కలిపి ఇంకో వంద వేసుకోండి. మొత్తం 330. సైలెన్సర్, బ్యాటరీ, సీటు అన్నీ మార్చి, బోలెడు డాలర్లు పోసి, ఒక 15 కిలోలు తీయించాడనుకుందాం. కొండ ఎక్కే లెక్కలో అది 115కు ఇంకో అయిదారు హార్స్‌పవర్ కలిపిన దానితో సమానం. అంతే. టర్బో అయితే పోయిన యాభైని చాలా వరకు తిరిగి తెస్తుంది, బదులుగా బండికి కొన్ని కిలోలు కలుపుతుంది. కాబట్టి పదివేల అడుగుల పైన నిట్టనిలువు వాలు ఎక్కడమే అతని సరదా అయితే బరువు తగ్గించి టర్బోతో పోటీ పడలేడు. ఇందులో నాకు అనుమానం లేదు.

అయితే బరువు మాట చెప్పిన దోస్తును తీసిపారేయొద్దు. కొత్తగా పడ్డ మంచు పిండిలా ఉంటుంది, దాని మీద బండి నిలబడదు, తేలుతూ పోవాలి. వేగం తగ్గిందా, కరిగెట్లో ట్రాక్టర్ కూరుకుపోయినట్టు వెనక భాగం లోపలికి దిగిపోతుంది, ముందున్న స్కీలు (మంచు మీద జారే పట్టీలు) ఆకాశం వైపు లేస్తాయి. అప్పుడు యాక్సిలరేటర్ ఒత్తితే లాభం లేదు సరికదా, ట్రాక్ (చక్రాలకు బదులు కింద తిరిగే రబ్బరు పట్టా) తిరిగి తిరిగి తన కిందే గొయ్యి తవ్వుకుంటుంది. పవర్ ఎంత ఎక్కువుంటే గొయ్యి అంత తొందరగా లోతవుతుంది, టర్బో బండి దిగబడితే ఇంకా లోతుగా దిగబడేది అందుకే. ఇక దిగి పార పట్టి, ట్రాక్ చుట్టూ మంచు తవ్వి, ఒకరు స్కీ పట్టుకుని పక్కకు గుంజుతుంటే ఇంకొకరు వెనక నుంచి లేపాలి. ఆ ఎత్తులో మనిషికి కూడా గాలి చాలదు, నాలుగుసార్లు తవ్వేసరికే ఆయాసం వస్తుంది. అక్కడ 15 కిలోల తేడా కాగితం మీది అయిదు హార్స్‌పవర్ కాదు, నడుము నొప్పి. చెట్ల మధ్య బండిని ఒక పక్కకు వాల్చి, ఒకే కాలి మీద నిలబడి, వాలుకు అడ్డంగా నడిపే విద్య ఒకటుంది, దానికీ తేలిక బండే కావాలి. రోజంతా అలా నడిపితే సాయంత్రానికి చేతుల్లో ఎంత సత్తువ మిగిలిందన్నది బండి బరువును బట్టే ఉంటుంది.

బరువు ఏ భాగంలో తగ్గిస్తున్నామన్నది కూడా ముఖ్యం. ట్రాక్, దాన్ని తిప్పే షాఫ్టు, క్లచ్ లాంటి తిరిగే భాగాల్లో ఒక కిలో తగ్గితే సీటులో ఒక కిలో తగ్గిన దానికంటే ఎక్కువ ఫలితం, ఎందుకంటే ఆ కిలోను ఇంజిన్ ముందుకు తోయడమే కాదు, గిర్రున తిప్పాలి కూడా. ఫుట్‌బోర్డుల మీద, ట్రాక్ పైన ఉండే కప్పు కింద గడ్డకట్టే మంచు కూడా బరువే. దాన్ని ఆగినప్పుడల్లా కాలితో తన్ని రాల్చేస్తే పైసా ఖర్చు లేకుండా కిలోలకు కిలోలు పోతాయి. మధ్యాహ్నానికి తిరిగొచ్చే రోజు కూడా అలవాటు కొద్దీ నిండా ట్యాంకు ఎందుకు? దారికి సరిపోను, కష్టం వస్తే ఆదుకోను కొంత పోయించుకుంటే చాలు. వీపు సంచిలో, బండి మీది డబ్బాలో ఏం మోస్తున్నాడో కూడా ఒకసారి నేల మీద పరిచి చూసుకోమనండి. బ్రేకు భాగాలు, చెయిన్ కవరు, కూలింగ్ భాగాలు మాత్రం బరువు పేరుతో ముట్టుకోవద్దు.

డబ్బు పెట్టే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది, సెకండ్‌హ్యాండ్ బండి అన్నారు కాబట్టి చెబుతున్నాను. క్లచ్! స్నోమొబైల్‌లో గేర్లుండవు, మన స్కూటీల్లో ఉండే బెల్టు డ్రైవే ఉంటుంది. ఇంజిన్ వైపు ఉండే క్లచ్‌లో చిన్న చిన్న వెయిట్లు ఉంటాయి, ఏ ఎత్తులో నడుపుతారన్న దాన్ని బట్టి అవి మార్చాలి. కింది ప్రాంతానికి సెట్ చేసిన బండిని పదివేల అడుగుల పైకి తీసుకుపోతే ఆ వెయిట్లు ఇంజిన్‌కు భారమై, ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఆర్‌పీఎం పైకి రాదు. ఫుల్ థ్రాటిల్‌లో మీటరు చూసి, కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం కంటే మూడు, నాలుగు వందలు తక్కువ చూపిస్తుంటే తేలిక వెయిట్లు వేయించమనండి. బెల్టు ఎంత అరిగిందో కూడా చూడాలి. "గుంజడం లేదు" అన్న ఫిర్యాదులో సగం ఇక్కడే తేలిపోవచ్చు.

ఇన్ని చేశాక కూడా టర్బో కావాలంటే? కావాలనుకోవడంలో తప్పేం లేదు, కానీ ఈ పాత బండికి కిట్ మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. టర్బో ఎక్కువ గాలిని లోపలికి తోస్తుంది, ఆ గాలికి తగ్గ పెట్రోలు సరిగ్గా అంతే పడాలి. కొంచెం తక్కువ పడ్డా లోపల వేడి పెరిగి, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే పేలడం) మొదలై, పిస్టన్‌కు బొక్క పడుతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ ఈ విషయంలో అస్సలు క్షమించదు. కొలరాడో బంకుల్లో మామూలు పెట్రోలు 85 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే కొలత) దొరుకుతుంది, టర్బోకు అది పనికిరాదు, 91 పోయించాలి. మారుమూల బంకులో ఒక్కసారి పొరపాటున మామూలుది పోయించుకున్నా ఇంజిన్‌కు గండమే. కంపెనీవాళ్లే టర్బో పెట్టి ఇచ్చే బండ్లు ఇప్పుడు ఉన్నాయి. స్కీ-డూ 2020 మోడల్‌తో 850 ఈ-టెక్ టర్బో తెచ్చింది, 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ తగ్గకుండా ఇస్తుందన్నది దాని లెక్క. తర్వాత 2022 మోడల్‌తో పొలారిస్ కంపెనీ పేట్రియాట్ బూస్ట్ టర్బో ఇంజిన్ వచ్చింది. వాటిలో ఇంజిన్, పెట్రోలు కొలత, క్లచ్ అన్నీ టర్బో కోసమే కుదిర్చి ఉంటాయి. కిట్‌కు పెట్టే కొన్ని వేల డాలర్లు దాచుకుని, రెండు సీజన్ల తర్వాత ఈ బండి అమ్మేసి, అలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవడమే మంచి బేరం. ఒకవేళ అతను కెనడా వైపు, రెవెల్‌స్టోక్ లాంటి చోట్లకు మారితే అక్కడ బండ్లు తిరిగే కొండలు కొలరాడో అంత ఎత్తులో ఉండవు, పవర్ నష్టం కూడా తక్కువే. అప్పుడైతే నేను తేలిక బండికే ఓటేస్తాను.

అన్నగా మీరు అడగాల్సింది ఇంకొకటి ఉంది, ఇది అన్నిటికంటే ముఖ్యం. టర్బో ఉంటే నిన్నటి దాకా ఎక్కలేని వాలు ఎక్కగలుగుతాడు. మంచు చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే, అంటే సరిగ్గా ఆ పవర్ అతన్ని తీసుకుపోయే చోటే. ఒంటికి కట్టుకునే బీకన్ (మంచు కింద ఎక్కడున్నారో సిగ్నల్‌తో చెప్పేది), మంచులో గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, పార ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉన్నాయా, వాటిని వాడటం నేర్చుకున్నారా, వాలు మీదికి ఒక్కసారికి ఒక్కరే పోతున్నారా అని అడగండి. మంచు కింద కూరుకున్న మనిషికి మొదటి పది, పదిహేను నిమిషాలే ప్రాణం, బయటి నుంచి సాయం అంతలోపు రాదు, పక్కనున్న దోస్తులే తవ్వి తీయాలి. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ చలికాలంలో రోజూ ప్రమాద సూచన ఇస్తుంది, అది చూడకుండా బయల్దేరొద్దని చెప్పండి. బరువు తగ్గించే పేరుతో సంచిలోంచి పార తీసేస్తే మాత్రం నాకు ఫోన్ చేయించండి, నేనే మాట్లాడతాను.

ప్రశ్న: వచ్చే ఎండాకాలం మేం కొందరం కరీంనగర్ నుంచి లడఖ్‌కు బుల్లెట్ల మీద పోతున్నాం. నాది పాత కార్బొరేటర్ బండి. ఖర్దుంగ్ లా ఎక్కుతుందా? ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే గాలి ఎక్కువ పోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎక్కుతుంది, నిదానంగా. పైకి పోయేకొద్దీ గాలి తగ్గుతుంది కానీ కార్బొరేటర్ పెట్రోలును ఆ మేరకు తగ్గించదు, అందుకే నల్ల పొగ, గుటకలు మింగినట్టు నడక. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం ముక్క, అదే మెయిన్ జెట్, చిన్నది ఒకటి వెంట పెట్టుకోండి, లేహ్‌లో వేసుకుని, కిందికి దిగాక పాతది మళ్లీ వేసేయండి. మర్చిపోతే కింద ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ తీయొద్దు, ఆ రోడ్ల దుమ్ము మొత్తం సిలిండర్‌లోకే పోతుంది. లగేజీ సగానికి తగ్గించండి, మీ బండికి టర్బో లేదు కాబట్టి మీ చేతిలో ఉన్నది అదే.

ప్రశ్న: టర్బో ఎత్తైన కొండల కోసమే అయితే మా ఓపెన్‌కాస్ట్ గనుల్లో డంపర్లకు ఎందుకు ఉంటుంది? ఇక్కడ కొండలు లేవు కదా.
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: టర్బో కొండల కోసమే పుట్టింది కాదు. డీజిల్ ఇంజిన్‌కు ఎంత గాలి దొరికితే అంత డీజిల్ శుభ్రంగా మండించగలదు, కాబట్టి అదే సైజు ఇంజిన్ నుంచి టర్బోతో చాలా ఎక్కువ శక్తి వస్తుంది. 100 టన్నుల మట్టి మోసుకుని గని అడుగు నుంచి హాల్ రోడ్డు ఎక్కే డంపర్‌కు టర్బో లేకుండా ఆ పని చేయించాలంటే ఇంకా చాలా పెద్ద ఇంజిన్ కావాలి. పైగా డంపర్‌లో ఖాళీ బండి బరువు కంటే మోసే సరుకు బరువే ఎక్కువ, టర్బో బరువు అక్కడ లెక్కలోకే రాదు.