సంక్రాంతికి ఊరెళ్తే కుక్కనీ పిల్లినీ ఎవరికి అప్పజెప్పాలి?

ప్రశ్న: సంక్రాంతికి రాజమండ్రి వెళ్తున్నాం. మా లాబ్రడార్‌ని బోర్డింగ్‌లో వదలాలంటే టెన్షన్‌గా ఉంది. పిల్లి కూడా ఉంది. నమ్మకమైన చోటు ఎలా తెలుస్తుంది?
– ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఫోటోలు చూసి బుక్ చేయకండి, మీరే వెళ్లి చూడండి. కుక్కలు రాత్రి పడుకునే చోటు చూపించమంటే సాకులు చెప్పేవాళ్ల దగ్గర అస్సలు వదలొద్దు. రాత్రి మనిషి అక్కడే ఉంటాడా, కొత్తగా వచ్చిన కుక్కని వెంటనే మిగతావాటితో కలిపేస్తారా అని అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు మిమ్మల్ని టీకాల కార్డు అడగాలి. రేబిస్ టీకా, కుక్కలకి వచ్చే ప్రమాదకరమైన వైరస్ జబ్బులైన డిస్టెంపర్, పార్వో టీకాలు వేయించారా అని అడక్కుండానే చేర్చుకుంటున్నారంటే పక్క గదిలో ఉన్న కుక్క యజమానినీ అడిగి ఉండరు, పైగా పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికే ఉంటుంది. కెన్నెల్ కాఫ్ (కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే దగ్గు) టీకా సంగతి డాక్టర్‌తో రెండు మూడు వారాల ముందే మాట్లాడండి. పిడుదుల మందు కూడా వేయించండి, వాటి వల్ల వచ్చే జ్వరం ప్రాణం మీదికి తెస్తుంది.

పండక్కి ముందే ఒక్క రాత్రి ఉంచి చూడండి. తిండి మీ ఇంటిదే పంపండి, ఉన్నట్టుండి మారిస్తే విరేచనాలవుతాయి. అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో, ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో రాసివ్వండి. హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది కానీ మీకు దూరం, దగ్గర్లో ఇంకొకటి చూసుకోండి.

పిల్లిని మాత్రం ఇంట్లోనే ఉంచండి, తెలిసినవాళ్లని రోజూ రెండుసార్లు రమ్మనండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కి చూపించాలి, తిండి మానేసిన పిల్లికి కాలేయం త్వరగా దెబ్బతింటుంది.