మా అమ్మ విన్న గుండు, మామి అన్న గుండు

ప్రశ్న: కొన్ని దేశాల్లో ఆడవాళ్ళు లావుగా ఉంటే అందం అంటారు, కొన్నిచోట్ల సన్నగా ఉంటేనే అందం అంటారు. ఎందుకింత తేడా? మీకెప్పుడైనా అనుభవమైందా?

దీనికి దేశాలు దాటక్కర్లేదండీ. కావలిలో రైలెక్కి చెన్నైలో దిగితే చాలు, నాలుగు గంటల ప్రయాణం. నాకు అక్కడ ఒక అందం, ఇక్కడ ఒక అందం.

మాది కావలి పక్కన పల్లెటూరు. 2002లో పెళ్ళయ్యేనాటికి నా బరువు 41 కిలోలు. అంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, పెళ్ళిచీరలకని అమ్మతో చెన్నై వచ్చినప్పుడు సెంట్రల్ స్టేషన్లో రంగురంగుల లైట్లు తిరిగే బరువు మిషన్ ఎక్కాను. నాణెం వేస్తే అట్టముక్క టికెట్టు పడేది కదా, ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. నా జాతకంలో ధనయోగం ఉందని రాసుంది. అమ్మ ఆ వైపు చూడనే లేదు. 41 అన్న అంకె చూసి ప్లాట్‌ఫారం మీదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆవిడ బాధకి కారణం ఉంది. ఈ సంబంధం కుదరకముందు రెండు సంబంధాలు నా సన్నదనం వల్లే తప్పిపోయాయి. ఒక పెళ్ళికొడుకు మేనత్త కాఫీ తాగుతూ, "పిల్ల కళగానే ఉంది గానీ, గాలేస్తే ఒకళ్ళు పట్టుకోవాలి" అనేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో మినుములు వేగని రోజు లేదు. పొద్దున రెండు సున్నుండలు, రాత్రి రెండు. చేతికి కారేంత నెయ్యి. "కాస్త ఒళ్ళు చెయ్యవే తల్లీ" అని బతిమాలడం, వినకపోతే మొట్టికాయ. ఎన్ని తిన్నా నాకు మాత్రం గ్రాము కూడా పెరగలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మేనత్త చూసింది నా అందం కాదనిపిస్తుంది. మనవాళ్ళు ఒంటిని చూసి వంటింటిని లెక్కకడతారు. పిల్ల బక్కగా ఉందంటే పుట్టింట్లో తిండి సరిగ్గా లేదని అర్థం. పెళ్ళయ్యాక చిక్కిందంటే అత్తగారు పెట్టడం లేదని అర్థం. పండక్కి పుట్టింటికి వెళ్ళిన కూతుర్ని గుమ్మంలోనే తల్లి ఎగాదిగా చూసేది అందుకే. ఆ చూపులో సగం వియ్యపురాలి మీద విచారణ.

పశ్చిమ ఆఫ్రికాలో మౌరిటానియా అని ఎడారి దేశం ఉంది. అక్కడ కొన్ని కుటుంబాల్లో ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచే ఒంటెపాలు, జొన్నల్లాంటి ధాన్యాల సంకటి బలవంతంగా పట్టించి లావెక్కిస్తారు. ఆ పద్ధతిని లెబ్లూ అంటారు. తాగనని మారాం చేస్తే కాలివేళ్ళు కర్రల మధ్య పెట్టి నొక్కడం కూడా ఉంది. అది చదివినప్పుడు మా అమ్మ మొట్టికాయలు గుర్తొచ్చి ఆవిణ్ణి అక్కడికక్కడే క్షమించేశాను. మేత దొరకని చోట కూతురు బొద్దుగా ఉందంటే, తండ్రికి ఎన్ని ఒంటెలున్నాయో ఊరికి వేరే చెప్పక్కర్లేదు. నైజీరియాలో కలబార్ వైపు ఎఫిక్ వాళ్ళు కూడా పెళ్ళికి ముందు అమ్మాయిని విడిగా ఒక గదిలో ఉంచి, పని చెప్పకుండా బాగా తినిపించి, ఒళ్ళు మర్దనా చేసి, కాపురం గురించి నేర్పి బయటికి తెచ్చేవారు. అదీ లెక్కలు చూపించుకోవడమే. మేపగలిగాం, పనిలోకి పంపకుండా కూర్చోబెట్టగలిగాం అని.

సరే, అసలు సంగతికి వస్తాను.

2011. చెన్నైలో సాలిగ్రామంలో అద్దె ఫ్లాట్లో ఉన్నాం. రెండో కాన్పయి మూడేళ్ళు. పెళ్ళికి ముందు ఎక్కని సున్నుండలన్నీ ఒక్కసారిగా ఎక్కినట్టు 59 కిలోలకి వచ్చాను. అమ్మ మొదటిసారి వారం రోజులుంటానని వచ్చింది, చేతిలో ఎప్పటిలాగే స్టీలు డబ్బా. ఎదురు ఫ్లాట్ తమిళావిడ, మేం మామి అని పిలుస్తాం, పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చి, అమ్మని చూసి సంతోషపడి కూర్చుంది. ఇద్దరికీ అరవై దాటాయి. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి తమిళం రాదు, మధ్యలో దుబాసీని నేను.

కాసేపు మోకాళ్ళ నొప్పులు, కూరగాయల ధరలు అయ్యాయి. ఆ తర్వాత మామి నావైపు చెయ్యి చూపించి అమ్మతో, "ఉంగ పొణ్ణు ఇప్పో నల్లా గుండాయిట్టా" అంది.

తమిళం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గుండు అంటే వాళ్ళకి లావు. మనం గుండు అనేదాన్ని వాళ్ళు మొట్టై అంటారు. మామి అన్నది "మీ అమ్మాయి ఇప్పుడు బాగా లావైపోయింది" అని. మా అమ్మకి అందులో అర్థమైన మాట ఒక్కటే, గుండు.

అమ్మ మొహం పాలిపోయింది. నా జడ వంక చూసింది, గోడమీద వెంకటేశ్వరస్వామి పటం వంక చూసింది. "గుండేమిటే? ఎవరికి? ఏం మొక్కుకున్నావు? పిల్లలకి బాగానే ఉందా?" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు తెలియకుండా ఏ జబ్బో దాచి, కొండకి తలనీలాలు మొక్కుకున్నానని అనుకుంది పాపం. నాకేమో నవ్వు ఆగడం లేదు. నవ్వేకొద్దీ ఆవిడకి భయం ఎక్కువవుతోంది. మామికి తనేం తప్పు మాట్లాడిందో తెలియక గిన్నె కింద పెట్టేసింది.

చివరికి, "అదేం కాదమ్మా, నేను లావయ్యానంటోంది ఆవిడ" అని చెప్పాను.

అప్పుడు చూడాలి మా అమ్మని. మొహం వెలిగిపోయింది. "అదా! ఎంత మంచిమాట చెప్పావు తల్లీ" అని మామి రెండు చేతులూ పట్టుకుంది. "పెళ్ళినాటికి పుల్లలా ఉండేదమ్మా, ఇప్పుడే కాస్త ఒక రూపుకొచ్చింది" అని చెప్పుకొచ్చింది. ఇదంతా మామికి తమిళంలో చెప్పమంటుంది నన్ను. మామి అసలు ఉద్దేశం పొగడ్త కాదు. తల్లి వచ్చింది కదా, ఆవిడ చెబితేనైనా వింటానని ఫిర్యాదు చేసింది. ఆవిడ నాకు చెప్పమని అమ్మని అడిగిందేమిటంటే, పొద్దున్నే ఐదున్నరకి తనతో కె.కె.నగర్ శివన్ పార్కుకి వాకింగ్‌కి రావాలి, రాత్రిపూట అన్నం మానేసి రెండు చపాతీలు తినాలి, తన కూతురు అలాగే ఎనిమిది కిలోలు తగ్గింది, అని.

నేనేం చేశానో ఒప్పుకుంటాను. రెండువైపులా అబద్ధం చెప్పాను. అమ్మతో "నీ పెంపకం బాగుందంటోంది" అన్నాను. మామితో "అమ్మ కూడా వాకింగ్ మంచిదే అంటోంది" అన్నాను. ఇద్దరూ నన్ను మెచ్చుకున్నారు. అమ్మ డబ్బా మూత తీసి సున్నుండలు పెట్టింది. మామి వద్దు వద్దంటూనే రెండు తిని, మూడోది వాళ్ళాయనకని కాగితంలో చుట్టుకుంది. ఆవిడ వెళ్ళగానే అమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి నన్ను కూర్చోబెట్టి దిష్టి తీసింది. "మంచిదే గానీ, అంత పైకి అనేస్తే దిష్టి తగలదూ!"

ఇంకో చిత్రం. నన్ను గుండు అని చిన్నబుచ్చిన ఈ తమిళనాడులోనే, 90లలో బొద్దుగా ఉండే ఖుష్బూ కోసం జనం వెర్రెత్తిపోయారు. తిరుచ్చిలో అభిమానులు ఆమెకి గుడి కట్టారని అప్పట్లో పెద్ద వార్త. తెల్లగా, మెత్తగా, ఉబ్బిన ఇడ్లీకి ఖుష్బూ ఇడ్లీ అని పేరు పెట్టి ఇప్పటికీ అమ్ముతున్నారు. మన సావిత్రి గారు మాత్రం? నిండుగా ఉంటేనే మహానటి అన్నాం. అంటే కావలి, చెన్నై అని నేను పైన గీసిన గీత అంత గట్టిదేమీ కాదు. కాలం కూడా తేడా తెచ్చింది.

మా ఇంటివరకు ఆ కాలం 1994. ఆ ఏడాది సుస్మితా సేన్ విశ్వసుందరి, ఐశ్వర్యా రాయ్ ప్రపంచ సుందరి అయ్యారు. మా పెద్దనాన్న కూతురు టీవీలో వాళ్ళని చూశాక రాత్రి అన్నం మానేసింది. మా పెద్దమ్మ దానికేదో సోకిందనుకుని తాయెత్తు కట్టించింది. టీవీయే చేసిందనడానికి నా దగ్గర సాక్ష్యం ఏముందంటే, ఫిజీ ఉంది. పసిఫిక్ సముద్రంలో దీవుల దేశం అది. అక్కడ కూడా మనలాగే బాగా తినిపించడం మర్యాద, చిక్కితే కంగారు. అక్కడ నడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. యాన్ బెకర్ అనే అమెరికన్ పరిశోధకురాలు అప్పుడే 63 మంది బడిపిల్లల్ని, మళ్ళీ మూడేళ్ళకి 1998లో 65 మందిని ప్రశ్నించింది. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకుంటామన్నవాళ్ళు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ళ తర్వాత 11.3 శాతం. అరవై చిల్లర పిల్లల లెక్కతో లోకమంతా ఇంతే అంటే ఎలా అని మా ఆయన వాదిస్తాడు. ఆయనకేం, ఆయన బొజ్జని ఎవరూ ఏమీ అనరు. మామి కూడా "సార్‌కి మంచి ఉద్యోగం" అంటుంది ఆ బొజ్జ చూసి.

ఈ మాట ఎత్తగానే, అందం సంగతి వదిలెయ్యండి, ఆరోగ్యం కోసం తగ్గాలి కదా అని ఒకళ్ళు తయారవుతారు. ఆరోగ్యం కొలత కూడా ఊరినిబట్టి మారుతుందండీ. ఆ 59 కిలోలతోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా ఎత్తు 157 సెంటీమీటర్లు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్క, 24 వచ్చింది. మన దేశంలో 23 దాటితే ఓవర్‌వెయిట్, 25 దాటితే ఊబకాయం అంటారు. డాలస్‌లో ఉండే మా ఆడపడుచుది ఇంచుమించు నా ఎత్తే, నా బరువే. అక్కడ 25 దాకా నార్మల్. విమానం ఎక్కితే సరిపోతుందన్నమాట.

డాక్టరమ్మ కారణం చెప్పింది, కాదనలేను. అదే బరువుకి మనవాళ్ళ ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట దగ్గర. షుగరు తొందరగా వస్తుంది. పుణేలో యాజ్ఞిక్ అనే డాక్టరు, లండన్లో యుడ్కిన్ అనే డాక్టరు, ఇద్దరి బీఎంఐ 22.3. తీరా కొవ్వు కొలిస్తే లండన్ ఆయనకి 9.1 శాతం, పుణే ఆయనకి 21.2. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో తీయించుకుని 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. లండన్ ఆయన మారథాన్లు పరిగెడతాడట, పుణే ఆయన వ్యాయామం ఆసుపత్రి లిఫ్టు తలుపు మూసుకునేలోపు పరిగెత్తడమట. మా ఆయనకి ఇది చదివి వినిపిస్తే నవ్వాడు. నడుము కొలవమంటే మాత్రం లేచి వెళ్ళిపోయాడు. మగవాళ్ళకి హద్దు 90 సెంటీమీటర్లు. ఇంట్లో టేపు ఉంది, ఇంతవరకు తీయనివ్వలేదు.

ఆ లెక్కనే చూస్తే పెళ్ళినాటి నా బీఎంఐ 17 లోపు. అది ఏ దేశంలోనైనా తక్కువే. గాలేస్తే పట్టుకోవాలన్న మేనత్తది నోటి దురుసే గానీ, మాట తప్పు కాదు. ఇది రాయడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

బట్టల సంగతీ చెప్పాలి. ఆడపడుచు పంపే టాపులు నాకు మీడియం సరిపోతాయి. వాటిలో ఒకటి వేసుకునే రంగనాథన్ వీధికి వెళితే, కొట్లో కుర్రాడు తలెత్తకుండానే "అక్కా, ఉంగళుక్కు డబుల్ ఎక్స్ఎల్" అని వీధంతా వినేలా అరుస్తాడు. నేను అడిగింది దుపట్టా. దుపట్టాకి సైజేమిటి నాయనా?

ఎగ్మోర్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు అమరావతి శిల్పాలు చూపించాను. మన రాళ్ళు కొన్ని ఇక్కడ, కొన్ని లండన్లో, అవి చూడాలంటే మనం విమానం టికెట్టు కొనుక్కోవాలి, అది వేరే ఏడుపు. ఆ ఆడవాళ్ళకి నడుము పిడికెడు, తుంటి చాటంత. పక్క భవనంలో చోళుల కాలం పంచలోహ పార్వతి కూడా అంతే, నడుము ఉందో లేదో అన్నట్టు. మన పాతకాలం కవులకీ అదే అనుమానం కదా. మా అమ్మాయి అన్నిటినీ చూసి, "అమ్మా, వీళ్ళందరికీ డైటీషియన్ ఒకళ్ళే అనుకుంటా" అంది. నాకు తోచింది వేరు. సన్నగానూ ఉండాలి, నిండుగానూ ఉండాలి, రెండూ ఒకే మనిషిలో కావాలి. ఆ కోరిక తీరేది రాతిలోనే. అమ్మకి ఒకటి, మామికి ఒకటి చెప్పి నేను ఆ రోజు బయటపడ్డాను గానీ, ఆ శిల్పి అడిగితే ఏం చెప్పేదాన్నో.

ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై. పోయిన నెల కావలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. తెరమీద మనవరాల్ని చూసి గుండెమీద చెయ్యేసుకుని, "ఏమే, ఇంత చిక్కిపోయావేమే" అంది.

"థాంక్స్ అమ్మమ్మా!" అంది ఇది.

అమ్మకి అర్థం కాలేదు. తర్వాత నాకు విడిగా ఫోన్ చేసి, "అది థాంక్స్ ఎందుకు చెప్పిందే? ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది. ఈసారి దుబాసీ పని నావల్ల కాలేదు. నాలుగోరోజు కొరియర్లో రెండు కిలోల సున్నుండలు దిగాయి. పిల్ల ముట్టుకోలేదు. ఇది రాస్తూ రాస్తూ నేను మూడు తిన్నాను.