పోస్టు పెట్టే ముందు

గుంటూరు, బ్రాడీపేట

అమ్మాయీ,

ముందు నువ్వు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నీ ఖాతాకి తాళంచెవి లాంటి యాక్సెస్ టోకెన్ రద్దు చెయ్యి. రాత్రి నువ్వు పోస్టు చేసిన స్క్రీన్‌షాట్‌ని పెద్దది చేసి చూస్తే, టెర్మినల్ పైవరసలో 'జీహెచ్‌పీ' అని మొదలయ్యే ఆ టోకెన్ మొత్తం కనిపిస్తోంది. పోస్టు తీసేసినంత మాత్రాన సరిపోదు, ఈపాటికే ఎవరైనా దాచుకుని ఉండొచ్చు.

ఇక ఆ పోస్టులో మాట, నీ కోడ్‌ని ప్రాజెక్టులో కలుపుకోమని పంపిన పుల్ రిక్వెస్ట్ గురించి. "పుల్ రిక్వెస్ట్ పంపి వారమైంది, పలికే దిక్కులేదు, ఈ ప్రాజెక్టు పనైపోయింది" అన్నావు. బెజవాడలో పొద్దంతా ఆఫీసు పని చేసుకుని, నిద్ర మానుకుని రాసిన కోడ్. కోపం వస్తుంది, కాదనను. కానీ దాన్ని చూడాల్సిన మనిషికీ జీతం లేదమ్మా, మిగిలిన వేళల్లోనే చూస్తాడు. పుల్ రిక్వెస్ట్ కిందే మర్యాదగా ఇంకోసారి అడుగు.

ఎక్స్‌జెడ్ సంగతి నీకు తెలియాలి. లినక్స్‌లో ఫైళ్లు కుదించే ఆ లైబ్రరీని లాసే కొలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒక్కడే చూసుకున్నాడు. 2022లో కొన్ని ఖాతాలు అందరి ముందూ ఆయన మీద పడ్డాయి, ఆలస్యం చేస్తున్నావు, ఇంకొకరికి అప్పగించు అని. మనసు బాగుండటం లేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. చివరికి సాయానికని చేరిన ఒక ఖాతాకి పగ్గాలు అందాయి. 2024లో సర్వర్లలోకి చొరబడేందుకు దాచిన దొంగదారి కోడ్ ఆ లైబ్రరీలోకి వచ్చింది ఆ చేతుల మీదుగానే. తొందరపెట్టిన ఖాతాలూ ఆ ముఠావేనని చాలామంది అనుమానం. నువ్వు అలాంటిదానివి కావు. కానీ అలసిపోయినవాడికి నీ పోస్టూ, వాళ్ల పోస్టూ ఒకేలా తగులుతాయి.

ఆ దొంగదారిని పట్టుకున్న ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్‌ని చూసి నేర్చుకో. దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు. బయటపడ్డాక ముందు లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ భద్రతా బృందానికి చెప్పాడు, ఆ తర్వాతే, మార్చి 29న, లోకానికి. నీకు లోపం దొరికినా అదే వరస. ప్రాజెక్టు కోడ్ ఉండే రిపోలో సెక్యూరిటీ ఫైలు ఉంటే ఎవరికి చెప్పాలో అందులో రాసుంటుంది. లేకపోతే వివరాలేమీ బయటపెట్టకుండా, విడిగా ఎక్కడ చెప్పాలో అడుగు. సర్వర్లవాళ్లు అప్‌డేట్ చేసుకునేలోపు దాన్ని లైకుల కోసం పెట్టావంటే, నష్టపోయేది నీకు ముక్కూ మొహం తెలియనివాళ్లు.

సోషల్ మీడియా మానెయ్యమని అనను. నువ్వు కోడ్ పంపిన ఆ ప్రాజెక్టుని వాడే తీరు తెలుగులో వివరిస్తూ పెట్టిన పోస్టు చూసి నాకెంతో ముచ్చటేసింది. అలాంటివి ఇంకా రాయి, అది చేసినవాళ్ల పేర్లూ చెప్పు.

టోకెన్ మార్చాక ఫోన్ చెయ్యి.

పెద్దనాన్న