హోటల్ మేనేజ్‌మెంట్ చదివితే సంజీవ్ కపూర్‌లా టీవీ షెఫ్ అవ్వొచ్చా?

డిగ్రీ మానేసి హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరదామనుకుంటున్నాను, సంజీవ్ కపూర్‌లా టీవీలోకి వెళ్లగలనా అని అడిగారు. నేను ఆ చదువే చదివి, విశాఖలో ఒక హోటల్లో ఆరేళ్లు పనిచేసి, ఇప్పుడు శ్రీకాకుళంలో చిన్న క్యాటరింగ్ నడుపుతున్నాను. టీవీలో కూడా ఒకసారి కనిపించాను, ఆ ముచ్చట తర్వాత.

సంజీవ్ కపూర్ టీవీకెక్కి షెఫ్ అయిన మనిషి కాదు. ఢిల్లీ పూసాలో ఈ చదువే చదివి, హోటళ్లలో ఏళ్ల తరబడి చేసి, ముంబయి సెంటార్ హోటల్లో ఎగ్జిక్యూటివ్ షెఫ్ అయ్యాక 1993లో జీ టీవీ వంటల ప్రోగ్రాం ‘ఖానా ఖజానా’కి వచ్చారు. ఎగ్జిక్యూటివ్ షెఫ్ అంటే బాగా వండేవాడనే అనుకునేరు. సరుకు ఖర్చు, మెనూ, డ్యూటీలు, అలకలు అన్నీ ఆ నెత్తి మీదే. 2011లో సొంత ఛానల్ ఫుడ్‌ఫుడ్, 2017లో పద్మశ్రీ, ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆమదాలవలసలో మా ఇంట్లో ఎవరికీ హిందీ సరిగ్గా రాదు. అయినా ఆ ప్రోగ్రాం వదిలేవాళ్లం కాదు. నవ్వుతూ, తొందర లేకుండా, మనింటికొచ్చిన చుట్టంలా చెప్పేవారు. ఒకసారి లెక్కల నోట్సు వెనక ‘కసూరీ మేథీ’ అని రాసుకుని కిరాణా కొట్టుకి వెళ్తే కొట్టాయన మెంతులు పొట్లం కట్టి ఇచ్చాడు. చివరికి పెరట్లో మెంతికూర కోసి, చాటలో పరిచి మేడ మీద ఎండబెట్టాను. “ఏటిరా, పచ్చిది ఉండగా ఎండుది తింతావేటి?” అంది మా మామ్మ.

ఆ పిచ్చితోనే చదువులో చేరాను. హోటల్లో మొదటి మూడు నెలలూ గరిట ముట్టనివ్వలేదు. ఉల్లిపాయలు తరగడమే పని. మీరు చేరినా అంతే, ముందే చెప్తున్నాను.

ఇక టీవీ సంగతి. ఇక్కడి కేబుల్ వాళ్లు పనసపొట్టు కూర చేసి చూపించమన్నారు. వందల మందికి వండిన చేయి కదా, ఇదెంత అనుకున్నాను. లైట్లు వేసి “మాట్లాడుతూ చెయ్యండి” అనేసరికి టెన్షన్ పట్టుకుంది. మాట్లాడితే చేయి ఆగిపోతోంది, చేయి కదిలితే మాట రావడం లేదు. సంజీవ్ కపూర్ గారు సంపాదించింది ఈ విద్య అని అప్పుడు అర్థమైంది. పోపు మాడనివ్వకుండా కబుర్లు చెప్పడం ఏ కాలేజీలోనూ నేర్పరు, నాకైతే ఎవరూ నేర్పలేదు.

పనసపొట్టులో ఆవ పెట్టేది దించాకే, లేదంటే చేదెక్కుతుంది. నేనేమో మంట మీదే కలిపేశాను. రుచి చూడమంటే నోరంతా చేదు. కెమెరా వైపు చూసి “అద్భుతం” అన్నాను.

రెండ్రోజులకి వేశారు. ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. ఆవ గిన్నె చేతిలోకి తీసుకున్నానో లేదో, మా అమ్మ టీవీ వైపు చెయ్యి చాపి అరిచింది: “పొయ్యి ఆపలేదేటిరా!”